ఆరుగురికి ఇటాలియన్ విందు, వండిన మనిషితో సహా

మా ఇంట్లో విందంటే అందరి విస్తట్లో అన్నీ ఒకేసారి పడతాయి, వండిన మనిషి మాత్రం ఆఖర్న తింటుంది. ఇటాలియన్ పద్ధతి నాకు నచ్చింది అందుకే. ఒకటి తిన్నాకే ఇంకోటి వస్తుంది కాబట్టి మధ్యలో నేనూ కూర్చోవచ్చు. బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో ఆరుగురికి చేసేటప్పుడు ఇలా చేస్తాను.

బరువైన పని పొద్దున్నే. పెద్ద నల్ల వంకాయలు కిలోంపావు తీసుకుని, అర సెంటీమీటరు మందాన చక్రాలు కోసి, ఉప్పు చల్లి అరగంట ఉంచండి. నీరు తుడిచి వేయించండి. టమాటా సాస్, వంకాయ, మోజరెల్లా, తురిమిన చీజ్ పొరలుగా పేర్చి పక్కన పెట్టండి. ఇది పర్మిజానా. మా అత్తయ్య శాకాహారి. ఇందులో తురిమి వేసే అసలు పార్మిజానో రెజ్జానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు, అందుకని ఆకుపచ్చ చుక్క ఉన్న చీజే కొంటాను. సాస్‌కి నాటు టమాటా పులుపెక్కువ, చిటికెడు చక్కెర వేస్తే సర్దుకుంటుంది. బేసిల్ దొరక్కపోతే మానేయండి కానీ తులసి వేయకండి, ఘాటు వేరు.

సాయంత్రం ముందుగా ఆంటిపాస్తో, అంటే అసలు భోజనానికి ముందు తినే చిరుతిండి. కాల్చిన రొట్టె మీద పచ్చి వెల్లుల్లి రుద్ది, టమాటా ముక్కలు, ఆలివ్ నూనె వేస్తే చాలు.

అందరూ అది తింటుండగా పాస్తా నీళ్లు పెట్టండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. పాస్తా అసలు భోజనంలో తొలి వంటకం మాత్రమే, కడుపు నింపేది కాదు. మనిషికి 60 గ్రాములు చాలు. 100 గ్రాములకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు లెక్క. స్పగెట్టి ఉడుకుతుండగా వెడల్పు మూకుడులో సన్నటి మంట మీద ఆలివ్ నూనె, పల్చగా కోసిన వెల్లుల్లి, ఎండుమిర్చి వేయండి. మన పోపులా చిటపటలాడకూడదు. ముక్క చుట్టూ సన్నని బుడగలు వచ్చి, అంచు గోధుమ రంగు తిరిగే ముందే మంట ఆపేయాలి. ఒక్క నిమిషం దాటితే చేదే, నాకు రెండుసార్లు అయింది. ప్యాకెట్ మీద రాసిన టైమ్‌కి రెండు నిమిషాల ముందే స్పగెట్టి తీసి మూకుడులో వేసి, పాస్తా నీళ్లు ఒక గరిటెడు పోసి మంట మీద గట్టిగా కలపండి. నూనె, గంజి కలిసి పాలలా చిక్కబడి ప్రతి పోగుకీ అంటుకుంటుంది.

పాస్తా వడ్డించే ముందే పర్మిజానాని 200 డిగ్రీల ఓవెన్‌లో పెడితే అరగంటలో అవుతుంది. బయటకి తీశాక పావుగంట ఆగి కోయండి, లేకపోతే పొరలు జారిపోతాయి. పక్కన ఆకుల సలాడ్: ఉప్పు, వెనిగర్, ఆలివ్ నూనె, అంతే.

చివర్లో నిమ్మరసం, చక్కెర కలిపిన పళ్ల ముక్కలు, మాచెదోనియా. సీజన్లో బెంగళూరు నల్ల ద్రాక్ష వేస్తాను, గింజలు తీయాలి. ఆ తర్వాత చిన్న కప్పులో పాలు లేని కాఫీ. మా అత్తయ్యకి మాత్రం ఫిల్టర్ కాఫీ పాలతోనే కలుపుతాను.