వేసవిలో బెర్న్ వెళ్తున్నారా? ముందు ఆరె నది సంగతి వినండి

జూన్ నుంచి ఆగస్టు దాకా స్విట్జర్లాండ్‌లోని బెర్న్ వెళ్లేవాళ్లకు నేను మొదట చెప్పేది జేబుదొంగల గురించో ఖర్చుల గురించో కాదు, ఆరె నది గురించి. పాత ఊరిని మూడు వైపులా చుట్టుకుని పారే ఆ పచ్చటి నీళ్లను వంతెన మీద నుంచి చూస్తే ఎవరికైనా దిగాలనిపిస్తుంది. పైగా కింద ఊళ్లోవాళ్లు వందల మంది నవ్వుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ ప్రవాహంలో తేలిపోతుంటారు. ఆఫీసు అయిపోయాక బట్టలు వాటర్‌ప్రూఫ్ సంచిలో మూట కట్టి, నదిలోనే ఇంటిదారి పట్టేవాళ్లూ ఉన్నారు. అది చూసి మనకూ ధైర్యం వస్తుంది. వాళ్లు ఆ నదిలో చిన్నప్పటి నుంచీ ఈదుతున్నారనీ, మనం వచ్చింది నిన్న సాయంత్రమేననీ గుర్తు రాదు.

ఈ ఊరు ఇక్కడ వెలిసిందే నది వల్ల. 1191లో త్సేరింగెన్ వంశానికి చెందిన డ్యూక్ ఐదో బెర్తోల్డ్ ఈ మెలికను చూసి, మూడు వైపులా నీళ్లే కాపలా కాస్తాయి, నాలుగో వైపు గోడ కడితే చాలు అనుకున్నాడు. వేటలో మొదట దొరికిన జంతువు పేరే ఊరికి పెట్టాడనీ, అది ఎలుగుబంటి (జర్మన్‌లో బేర్) అనీ ఒక కథ. నిజమో కాదో గానీ ఎలుగుబంటి ఊరి జెండా మీదకు ఎక్కింది. ఇప్పటికీ నది ఒడ్డున వాలు మీద ఎలుగుబంట్ల పార్కు ఉంది. 2009లో అది తెరిచేదాకా వాటిని పక్కనే ఉన్న రాతి గుంతలో ఉంచేవారు.

శత్రువులను ఆపిన నది మనల్ని మోసుకుపోకుండా ఏం చేయాలో ఇప్పుడు చూద్దాం.

ఆరె నీళ్లు ఆల్ప్స్ హిమానీనదాల దగ్గర పుట్టి, బ్రియెంట్స్, తూన్ అనే రెండు సరస్సులు దాటి బెర్న్ చేరతాయి. నడివేసవిలో కూడా 18, 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి, చాలా రోజులు అంతకన్నా తక్కువే. కృష్ణా కాలువలోనో ఊరి చెరువులోనో ఈత నేర్చుకున్న ఒంటికి ఆ చలి కొత్త. బయట 32 డిగ్రీల ఎండలో మాడి ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగశ్వాస అవుతుంది. ఆ మొదటి నిమిషంలోనే నీళ్లు మింగే ప్రమాదం ఎక్కువ. కాసేపటికి చేతులూ కాళ్లూ బరువెక్కుతాయి. అందుకే ముందు మెట్ల మీద నిలబడి చేతులు, మెడ, ఛాతీ తడుపుకుని మెల్లగా దిగాలి.

అసలు ఎవరు దిగాలి? ఆగకుండా పావుగంట ఈదగలిగి, ప్రవాహానికి అడ్డంగా ఒడ్డుకు రాగలిగినవాళ్లు మాత్రమే. "ఈత వచ్చు" అంటే మనవాళ్లలో సగం మందికి స్విమ్మింగ్ పూల్‌లో ఈ గోడ నుంచి ఆ గోడకు అని అర్థం. అది ఇక్కడ చాలదు. అలాంటివాళ్లకు మార్ట్సిలి ఘాట్ బాగుంటుంది. పార్లమెంటు భవనం కిందే, నది పక్కన, ప్రవేశం ఉచితం, లోపల కొలనులు కూడా ఉన్నాయి. అక్కడ ఈదండి, నదిని గడ్డి మీద కూర్చుని చూడండి.

నదిలో దిగేవాళ్లు ఎక్కువగా చేసేది ఇదీ: మార్ట్సిలి నుంచి ఒడ్డు వెంబడి ఎగువకు నడిచి, ఐష్‌హోల్ట్స్ వైపున దిగి, ప్రవాహంతో పాటు మళ్లీ మార్ట్సిలికి వస్తారు. ఈ రెండూ ఎడమ ఒడ్డునే ఉన్నాయి, కాబట్టి నది మధ్యకు పోకుండా ఎడమ పక్కనే ఉండండి. ఒడ్డున అక్కడక్కడ మెట్లూ, వాటికి ఎర్ర రంగు కమ్మీలూ ఉంటాయి. దిగే ముందే ఏ మెట్ల దగ్గర బయటికి రావాలో నడిచి చూసుకోండి. కమ్మీ కనబడ్డాక ఒడ్డుకు రావడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. చాలా ముందే ఒడ్డు పక్కకు చేరి, కమ్మీ దగ్గరికి రాగానే చేయి వేయాలి. మొదటిసారి నేను అనుకున్న మెట్లు దాటిపోయాను. చేయి తగిలింది గానీ పట్టు దొరకలేదు. వెనక్కి ఈదాలని నాలుగు బారలు వేసి చూశాను, ఉన్నచోటే ఉన్నాను. ఎదురీదడం దండగ. తప్పిపోతే తదుపరి మెట్లే గతి. అందుకే ఎప్పుడూ చివరి మెట్లను నమ్ముకోవద్దు, రెండు మూడు మిగిలి ఉండగానే బయటపడండి. మార్ట్సిలి దాటి, వంతెనల కింద నుంచి దిగువకు పోతే ష్వెలెన్‌మాటెలి దగ్గర ఆనకట్ట ఉంది. దాని కింద సుడులు తిరిగే నీళ్లు మంచి ఈతగాడినైనా పైకి రానివ్వవు.

స్విస్ ప్రాణరక్షణ సంఘం వాళ్ల నియమాలు ఒడ్డున బోర్డుల మీద బొమ్మలతో కనిపిస్తాయి. తాగి దిగవద్దు, ఒంటరిగా దూరం ఈదవద్దు, తెలియని నీళ్లలో దూకవద్దు, గాలి నింపిన ట్యూబులను నమ్మి లోతుకు పోవద్దు, పిల్లలను చేతికి అందే దూరంలో ఉంచుకోవాలి. ఇందులో చివరిది మనం గట్టిగా పట్టించుకోవాలి. "చూస్తూనే ఉన్నాం కదా" అని ఒడ్డున కూర్చుని ఫోన్లో మునిగితే చూస్తున్నట్టు కాదు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా నది ఉబ్బుతుంది. నీళ్లు మట్టి రంగులోకి మారినా, కొమ్మలూ దుంగలూ కొట్టుకొస్తున్నా ఆ రోజు ఈత మానేయండి. ఆరె గురు అనే యాప్‌లో ఆ రోజు నీటి వేడి, ప్రవాహం చూడవచ్చు. 2005 ఆగస్టులో ఇదే నది పొంగి, పాత ఊరి కింద ఒడ్డున ఉన్న మాటె పేటను ముంచేసింది.

ఇంకో మాట మన పెద్దవాళ్ల కోసం. నది కనబడగానే మూడు మునకలు వేయాలనో, కనీసం నీళ్లు తల మీద చల్లుకోవాలనో అనిపిస్తుంది. మా అమ్మ కూడా చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని మెట్ల మీదకు దిగబోయింది. ఆ మెట్ల మీద నాచు ఉంటుంది, రెండో మెట్టు దగ్గరే నీళ్లు కాళ్లను లాగుతాయి. చెంబుతో నీళ్లు తెచ్చి పైనే తల మీద చల్లాం, పుణ్యం తగ్గిందని ఆవిడేమీ అనలేదు.

నది వదిలి పాత ఊళ్లోకి వస్తే ప్రమాదాలు చిన్నవే, కాళ్లకూ మోకాళ్లకూ సంబంధించినవి. చెక్క ఇళ్ల ఊరు 1405లో చాలా వరకు తగలబడితే, ఇళ్లను ఇసుకరాతితో మళ్లీ కట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడు కనిపించే బూడిదాకుపచ్చ రంగు ఆ రాతిదే. 1983లో ఈ పాత ఊరు మొత్తం యునెస్కో జాబితాలో చేరింది. ఇళ్ల కింద దాదాపు 6 కిలోమీటర్ల పొడవున కమానుల నడవలు ఉన్నాయి, లౌబెన్ అంటారు. ఎండకూ వానకూ గొడుగు అక్కర్లేదు. అయితే వాటి పక్కన వీధివైపు నేలమాళిగల తలుపులు ఏటవాలుగా తెరిచి ఉంటాయి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులు వేసేవాళ్లు జాగ్రత్త. వీధుల్లో పరిచిన రాళ్లు వాన పడితే జారతాయి, పలచటి చెప్పులు సూట్‌కేసులోనే ఉంచండి. ట్రాములు చప్పుడు లేకుండా వస్తాయి, పైగా ఇక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి మనం అలవాటుగా చూసే వైపు తప్పు. గంట కొట్టే కొద్ది నిమిషాల ముందు త్సిట్‌గ్లొగ్గె గడియారం బొమ్మలు ఆడతాయి, జనమంతా తలెత్తి వీధి మధ్యలో నిలబడేది అప్పుడే.

ఐన్‌స్టైన్ 1903 నుంచి 1905 దాకా కాపురం ఉన్న ఇల్లు క్రామ్‌గాసెలో 49 నంబరు, ఇప్పుడది మ్యూజియం. మెట్లు ఇరుకు. మున్‌స్టర్ చర్చి గోపురానికి మెట్లు 300 దాటతాయి, గుండె జబ్బు ఉన్నవాళ్లు కిందే ఉండండి. చర్చి పక్క తోటకు పిట్టగోడ ఉంది, కింద చాలా లోతు. 1654లో వైన్‌ట్సాప్ఫ్లి అనే విద్యార్థి గుర్రంతో సహా అక్కడి నుంచి పడి బతికాడని గోడ మీద రాతి ఫలకం ఉంది. పిల్లలకు ఈ కథ తోటలోంచి బయటికి వచ్చాకే చెప్పండి.

బస విషయానికి వస్తే, పాత ఊరి నడిమధ్యలో ఉండాలని అందరికీ సరదా. బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: లిఫ్టు ఉందా, ఏసీ ఉందా, కిటికీ ఏ వైపు. చాలా పాత ఇళ్లకు మొదటి రెండూ ఉండవు. జూలైలో ఆ రాతి గోడలు రాత్రి కూడా వేడిగా ఉంటాయి. కిటికీ తెరిస్తే చర్చి గంటలు. మున్‌స్టర్ పెద్ద గంట 1611 నాటిది, దాదాపు 10 టన్నులు. పెద్దవాళ్లు వెంట ఉంటే రైల్వే స్టేషన్ దగ్గర హోటలే నయం. ఖర్చు తగ్గాలంటే మార్ట్సిలి పక్కనే యూత్ హాస్టల్ ఉంది, ఐష్‌హోల్ట్స్‌లో టెంటు వేసుకునే క్యాంపింగ్ కూడా ఉంది. హోటల్‌లో దిగినవాళ్లకు ఊళ్లో బస్సులు, ట్రాములకు బెర్న్ టికెట్ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. అపార్ట్‌మెంట్ తీసుకుంటే రాత్రి 10 తర్వాత గోల పనికిరాదు, ఇంగువ పోపు పెట్టే ముందు కిటికీ తెరవండి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, స్టేషన్‌లోవి తప్ప. పాలూ పెరుగూ శనివారమే కొనుక్కోండి.

అంబులెన్స్‌కు 144, పోలీసులకు 117, ఏదీ గుర్తు రాకపోతే 112. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల ఆరోగ్య బీమా ఎలాగూ తీసుకుంటారు, నదిలో ఈతకు అది వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చదవండి. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసు రిపోర్టు, తర్వాత భారత రాయబార కార్యాలయం, అది బెర్న్‌లోనే ఉంది. నదికి వెళ్లేటప్పుడు మాత్రం పాస్‌పోర్ట్ గదిలోనే వదిలి వెళ్లండి.