ఆర్పింగ్టన్ జాతి కోడిపిల్లల్లో పుంజేదో, పెట్టేదో చూసే ముందు జాగ్రత్తలు

☐ వయసు సరిచూసుకోండి. ఇది నిదానంగా ఎదిగే బరువైన జాతి. నాలుగు వారాల లోపు పైరూపం చూసి ఎవరు ఏం చెప్పినా ఊహే.

☐ ఒకే రోజు పుట్టిన, ఒకే రంగు పిల్లలను పక్కపక్కన పెట్టి పోల్చండి. పుంజుపిల్లల జుట్టు (తల మీది కండ తురాయి) ముందుగా పెరిగి ఎర్రబడుతుంది, వీపు మీద ఈకలు ఆలస్యంగా వస్తాయి. ఒక్క లక్షణం చూసి తీర్పు చెప్పకండి; పుంజుల్లా కనిపించే పెట్టలూ ఉంటాయి!

☐ పగటి వెలుతురులో చూడండి. వెచ్చదనానికి పెట్టిన ఎర్రదీపం కింద ప్రతి జుట్టూ ఎర్రగానే కనిపిస్తుంది.

☐ ఛాతీ నొక్కి పట్టుకోకండి. కోళ్లకు ఉదరవితానం (మనకు ఊపిరి ఆడించే కండర పొర) ఉండదు. ఛాతీ కదిలితేనే ఊపిరి.

☐ మలద్వారం నొక్కి చూసే పద్ధతి శిక్షణ ఉన్నవారికే. చేయి తప్పితే పేగులు దెబ్బతింటాయి.

☐ రెక్క ఈకల పొడవు పద్ధతిని వదిలేయండి. అందుకోసం ప్రత్యేకంగా జత కట్టించిన సంతతిలోనే అది పనిచేస్తుంది.

☐ చూసిన పిల్లకు రంగు కాలి ఉంగరం తొడగండి. కాలు లావెక్కేకొద్దీ ఉంగరం మార్చాలి.

☐ అమ్మకం తొందరపడొద్దు. మూడు నెలలు దాటాక నడుము దగ్గర మొనదేలిన సన్నని ఈకలు దిగితే పుంజే. పెట్టకు అక్కడ గుండ్రటి ఈకలుంటాయి.

☐ ముందూ వెనకా సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు.