మలేషియాకు వీసా లేకుండా వెళ్లేవారికి డిజిటల్ అరైవల్ కార్డు: దరఖాస్తు విధానం

భారత పౌరులు మలేషియాలో 30 రోజుల వరకు వీసా లేకుండా ఉండేందుకు 2023 డిసెంబరు 1 నుంచి వీలు కలిగింది. ఈ మినహాయింపును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. బ్రిటిష్ కాలంలో శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి మలయా రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్లినవారి సంతతి పెరాక్ రాష్ట్రంలో ఇప్పటికీ ఉంది. కనుక బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారికి ఈ ప్రయాణం విహారయాత్ర మాత్రమే కాదు, చుట్టాలను చూసివచ్చే అవకాశం కూడా. అయితే వీసా అక్కరలేదన్న మాట విని, ముందుగా చేయవలసిన పనేదీ లేదనుకుని బయలుదేరకూడదు. 2024 జనవరి 1 నుంచి విదేశీ ప్రయాణికులు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపడం తప్పనిసరి. సింగపూర్ పౌరులు, మలేషియాలో శాశ్వత నివాసం ఉన్నవారు, ఇమ్మిగ్రేషన్ దాటకుండా మరో విమానం ఎక్కేవారు వంటి కొద్దిమందికే దీని నుంచి మినహాయింపు ఉంది.

ఈ కార్డుకు రుసుము లేదు. ఈ సంగతి అందరికన్నా ముందు పెద్దవారికి తెలియాలి. ఇదే పేరుతో కనిపించే ప్రైవేటు వెబ్‌సైట్లు కొన్ని డబ్బు అడుగుతాయి. అసలైనది మలేషియా ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్, దాని చిరునామా ‘జీవోవీ డాట్ ఎంవై’తో ముగుస్తుంది. అక్కడ కార్డు నమోదు విభాగం తెరిచి, దిగే తేదీకి ముందు మూడు రోజుల లోపే వివరాలు పంపాలి. టికెట్టు కొన్న రోజునే నింపేద్దామంటే కుదరదు. పిల్లలతో సహా ఒక్కొక్కరికి విడిగా కార్డు ఉండాలి.

మొదటి భాగంలో పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు గడువు, ఈమెయిలు, మొబైల్ నంబరు అడుగుతారు. మనవారు ఎక్కువగా తడబడేది పేరు దగ్గరే. ఆధార్ కార్డులో ఇంటిపేరుకు ఒక్క అక్షరమే ఉండవచ్చు, పాస్‌పోర్టులో అది పూర్తిగా ఉండవచ్చు, కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఇక్కడ పాస్‌పోర్టులో ఉన్నదే ప్రమాణం. ఇంట్లో పిలిచే పేరుగానీ, బడి సర్టిఫికెట్లోని పేరుగానీ పనికిరావు. పాస్‌పోర్టుకు దిగే రోజు నుంచి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

రెండో భాగం ప్రయాణానికి సంబంధించినది. విశాఖపట్నం నుంచిగానీ చెన్నై నుంచిగానీ రాత్రి విమానం ఎక్కితే దిగేసరికి తేదీ మారుతుంది, పైగా మలేషియా గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి ఎక్కే తేదీ కాకుండా దిగే తేదీనే వేయాలి. విమానం నంబరు, చివరగా బయలుదేరిన దేశం అడిగిన చోట్ల మలేషియాలో దించే విమానం వివరాలే ఇవ్వాలి. దారిలో బ్యాంకాక్‌లో విమానం మారితే ఆ దేశం థాయ్‌లాండ్ అవుతుంది, నేరుగా వెళితే భారతదేశమే. బస గురించి అడిగినప్పుడు చుట్టాల ఇంట్లో ఉండేవారు హోటల్ పేరు ఊహించి రాయకుండా, బంధుమిత్రుల ఇల్లు అన్నది ఎంచుకుని వారి చిరునామా ఇవ్వాలి. మలేషియా పోస్టుకోడ్‌లో అయిదు అంకెలే ఉంటాయి. మన ఆరంకెల పిన్‌కోడ్ అలవాటు కొద్దీ ఒక అంకె చేర్చకుండా, ఆ ఇంటివారినే అడిగి రాసుకోవడం మేలు.

పంపిన తరువాత ఈమెయిలుకు ఒక పిన్ నంబరు వస్తుంది, నమోదును తరువాత చూసుకోవడానికి అది కావాలి. అందుకే జనసేవా కేంద్రంలో నింపించుకున్నా, ఈమెయిలు గడిలో ఆ కేంద్రం వారిది కాకుండా ప్రయాణికుడిదో, అతని పిల్లలదో ఇవ్వాలని గట్టిగా చెబుతున్నాను. పిన్ వేరొకరి ఫోనులో ఉండిపోతే విమానాశ్రయంలో దిక్కుతోచదు. పంపాక తప్పు కనిపిస్తే సరైన వివరాలతో మళ్లీ కొత్తగా నింపాలి. చూపించడానికి ఒక ప్రింటు కూడా దగ్గరుంచుకోవాలి.

ఈ కార్డు వీసా కాదు. లోపలికి అనుమతించేది ఇమ్మిగ్రేషన్ అధికారే. తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు సరిపడా డబ్బు ఉన్నట్టు ఆధారం ఆయన అడగవచ్చు.

థాయ్‌లాండ్ కూడా 2025 మే 1 నుంచి ఇటువంటి కార్డునే తెచ్చింది. అదీ ఉచితమే, దిగడానికి ముందు మూడు రోజుల లోపే నింపాలి.

చివరగా, ఉపాధి కోసం వెళ్లాలనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వీసా మినహాయింపు మీద మలేషియాలో పనిచేయడం నేరం. ‘కార్డు చాలు, అక్కడికెళ్లాక పర్మిట్ ఇప్పిస్తాం’ అనే దళారుల మాట నమ్మకూడదు. పదో తరగతి పూర్తిచేయని చాలామంది పాస్‌పోర్టులు ‘ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్’ వర్గంలోకి వస్తాయి. అటువంటివారు పని కోసం వెళ్లేముందు వలస అనుమతి తీసుకోవలసిన దేశాల జాబితాలో మలేషియా, థాయ్‌లాండ్ రెండూ ఉన్నాయి. ఆ అనుమతి భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారా, విమానం ఎక్కకముందే పొందాలి.