ఆ వెలుగు విమానమా, ఉపగ్రహమా? సమస్యలు - పరిష్కారాలు

సమస్య: యాప్ చెప్పిన వేళకు మేడ ఎక్కినా అంతరిక్ష కేంద్రం కనిపించలేదు

చాలామంది నగర దీపాలను తిట్టుకుంటారు. తప్పు వాటిది కాదు. ఐఎస్‌ఎస్ (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం) బాగా పైకొచ్చినప్పుడు ఇంచుమించు శుక్రుడంత వెలుగుతుంది, వీధి దీపాల మధ్య నిలబడ్డా కనిపిస్తుంది. ముందు యాప్‌లో లొకేషన్, టైమ్ జోన్ సరిచూడండి. తర్వాత గరిష్ఠ ఎత్తు, అంటే దిగంతం నుంచి ఎంత పైకొస్తుందో, ఎన్ని డిగ్రీలో చూడండి. 15 లోపే ఉంటే మేడ ఎక్కడం దండగ. భవనాల చాటున వచ్చి చాటునే పోతుంది. నడినెత్తిన ఉన్నప్పుడు 400 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉండే కేంద్రం, అంత కిందుగా ఉంటే 1,000 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, వెలుగూ తగ్గుతుంది. 40 డిగ్రీలు దాటే పాస్‌లు (మన ఆకాశం మీదుగా సాగే ప్రయాణాలు) ఎంచుకోండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా ముందుగానో ఆలస్యంగానో వస్తోందా? కక్ష్య డేటా పాతబడింది. అంత ఎత్తులోనూ పలుచటి గాలి రాపిడి ఉంటుంది. కేంద్రం మెల్లగా కిందికి జారుతుంటే అప్పుడప్పుడు ఇంజన్లు మండించి పైకెత్తుతారు. చూసే రోజే డేటా రిఫ్రెష్ చేసుకోండి.

సమస్య: మబ్బు లేకుండానే నడి ఆకాశంలో మాయమైంది

భూమి నీడలోకి వెళ్లింది. మనకు కనిపించేది ఉపగ్రహం మీద పడిన ఎండే. అందుకే పొద్దుగూకాక గంటా రెండు గంటలు, తెల్లవారేముందు అంతే సేపు అనువైన సమయం. సాయంత్రం పాస్‌లో పడమటి సగాన్నే నమ్ముకోండి, తూర్పుకి చేరేలోపు ఆరిపోవచ్చు. తెల్లవారుజామున ఇది తిరగబడుతుంది. ఆకాశం మధ్యలో ఉన్నట్టుండి వెలుగుతుంది.

సమస్య: మినుకుమంటోంది, ఏమిటో తెలియడం లేదు

ఠంచనుగా తళుక్కుమనే తెల్ల దీపాలు, పక్కన రంగులు ఉంటే విమానం. దాని ఎడమ రెక్క చివర ఎరుపు, కుడి రెక్క చివర ఆకుపచ్చ. ఎరుపు మీ కుడివైపు కనిపిస్తే అది మీ వైపే వస్తోంది. రంగు లేకుండా కొన్ని సెకన్లకోసారి వెలిగి తగ్గుతుంటే, దొర్లుతూ తిరిగే పాత రాకెట్ భాగం కావచ్చు. అసలు కదలకపోతే శుక్రుడో గురుడో. కాకపోతే ఎదురుగా వచ్చే విమానం లాండింగ్ లైట్లు కూడా కాసేపు అలాగే నిలబడ్డట్టుంటాయి, అయిదు నిమిషాలు ఆగితే తేలిపోతుంది.

సమస్య: మోత వినిపిస్తోంది, విమానం లేదు

మోత వచ్చిన చోట వెతకడమే పొరపాటు. 10 కిలోమీటర్ల ఎత్తునుంచి శబ్దం దిగడానికి అరనిమిషం పడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ ఆలోపు ఏడు కిలోమీటర్లు దాటేస్తుంది. చూపు ముందుకు జరపండి.

కంటికి కనిపించి విమానాల్ని చూపే యాప్‌లో లేకపోతే, అది ఏడీఎస్-బీ సిగ్నల్ (తన స్థానాన్ని విమానమే రేడియోలో చెప్పే సిగ్నల్) పంపని సైనిక విమానమో చిన్న విమానమో కావచ్చు. తక్కువ ఎత్తులో ఎగిరేవి నేలమీది రిసీవర్లకు అందకపోవడమూ మామూలే. సొంత రిసీవర్ ఉన్నవాళ్లు 1090 మెగాహెర్ట్జ్ యాంటెన్నాను గదిలోంచి తీసి మేడమీద పెట్టాలి. కాంక్రీటు గోడలు ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి, యాంప్లిఫయర్ కొనడం ఆ తర్వాతి మాట.

పక్కవాళ్లకు చూపించాలని మాత్రం పచ్చ లేజర్ ఎత్తకండి. పైలట్ల కళ్లు చెదురుతాయి, చాలా దేశాల్లో అది నేరం.

సమస్య: వరసగా దీపాల రైలు

కొత్తగా ప్రయోగించిన స్టార్‌లింక్ (స్పేస్‌ఎక్స్ సంస్థ ఇంటర్నెట్) ఉపగ్రహాలు. 2019 మే నుంచి ఇలా గుంపులుగా పంపుతున్నారు. కొద్ది రోజుల్లో విడిపోయి, పై కక్ష్యకు చేరి మసకబారుతాయి. చూడాలంటే ప్రయోగం జరిగిన వారంలోపే వెతకండి.