హిట్ పాట వెనుక కథను వెలికి తీయడం ఎలా?

ప్రతి హిట్ పాటకూ రెండు కథలుంటాయి. అది ఎలా పుట్టిందన్నది మొదటిది, ఎలా గెలిచిందన్నది రెండవది. మొదటి కథను మనుషులు చెబుతారు, అందువల్ల అందులో జ్ఞాపకం, అభిమానం, మరపు అన్నీ కలిసే ఉంటాయి. రెండవ కథను అంకెలు చెబుతాయి, అయితే ప్రతి అంకె వెనుకా ఎవరో ఏర్పరచిన ఒక లెక్క పద్ధతి ఉంటుంది. ఈ రెండింటినీ విడివిడిగా పరిశీలించకుండా కలిపి రాస్తే, పాట బాగుంది కాబట్టి గెలిచిందన్న ఒక్క మాటే చివరకు మిగులుతుంది. పాటల గురించి శ్రద్ధగా రాయాలనుకునే వారికి, నేను ఇన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక తెల్లకాగితం మీద తేదీలు వేసుకోవాలి. రచన, రికార్డింగ్, చిత్రీకరణ, పాట విడుదల, సినిమా విడుదల, పురస్కారం లేదా చార్టు స్థానం, ఇలా తెలిసిన తేదీలన్నిటినీ ఒకదాని కింద ఒకటి రాసుకోవాలి. చాలా కట్టుకథలు ఈ కాగితం ముందే వీగిపోతాయి. ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాలోని ‘తెలుగు వీర లేవరా’ పాటనే తీసుకోండి. శ్రీశ్రీకి ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం తెచ్చిన పాట అది. సినిమా 1974 మే 1న విడుదలైంది, పాడిన ఘంటసాల అదే ఏడాది ఫిబ్రవరి 11న కన్నుమూశారు. కనుక థియేటర్లో జనం చప్పట్లు విని ఆయన పొంగిపోయారని ఎవరైనా ఎంత హృద్యంగా చెప్పినా, ఆ మాట నిలవదు.

తేదీలు కథను కొట్టివేయడానికే కాదు, బలపరచడానికి కూడా పనికొస్తాయి. ‘నాటు నాటు’ పాటలో తొంభై శాతం ఒక్క పూటలోనే వచ్చిందని, మిగిలిన పది శాతానికి పందొమ్మిది నెలలు పట్టిందని చంద్రబోస్ చెబుతూ వచ్చారు. వినగానే ఇది ప్రచారం కోసం పెంచి చెప్పిన మాటేమో అనిపించవచ్చు. కాగితం తీసి చూద్దాం. ఆ పాటను 2021 ఆగస్టులో కీవ్ నగరంలోని మారిన్‌స్కీ ప్యాలెస్ ముందు చిత్రీకరించారు, నవంబర్ 10న విడుదల చేశారు. చిత్రీకరణ నుంచి పందొమ్మిది నెలలు వెనక్కు లెక్కిస్తే 2020 జనవరి ప్రాంతానికి చేరుకుంటాం. ఆ తరువాత రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చి షూటింగులన్నీ ఆగిపోయాయి. కవి చెప్పిన వ్యవధికి తేదీలు అడ్డు రావడం లేదు సరికదా, అంత కాలం ఎందుకు పట్టి ఉంటుందో కూడా కొంత అర్థమవుతుంది. ఇక ఆ కథను ధైర్యంగా రాయవచ్చు, కాకపోతే అది కవి స్వయంగా చెప్పిన మాట అని స్పష్టంగా పేర్కొనాలి.

పుట్టుక కథలో తప్పక అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: బాణీకి రాశారా, రాసినదానికి బాణీ కట్టారా? మన సినిమా పాటల్లో ఎక్కువగా బాణీయే ముందు వస్తుంది. సంగీత దర్శకుడు తత్తకారంతోనో (అర్థం లేని తాళపు అక్షరాలతోనో), డమ్మీ మాటలతోనో వినిపిస్తే, దర్శకుడు చెప్పిన సందర్భానికి తగిన మాటలను కవి ఆ కొలతలో కూర్చుతారు. ఒక పదం అక్కడికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఈ కొలతలోనే దొరుకుతుంది. అక్కడ దీర్ఘం కావలసి వచ్చిందా, ద్విత్వం కావలసి వచ్చిందా అన్నది చూడాలి. ‘నాటు’ అన్న మాటను దరువుకు చేయి వేస్తూ పలికి చూడండి, మొదటి దీర్ఘం మీద దెబ్బ పడి, ‘టు’ దగ్గర తెగుతుంది. ఇలాంటి పరిశీలన పాఠకుడు తానే చేసి చూసుకోగలడు, అందుకే నాకు ఇంటర్వ్యూల్లో దొరికే ముచ్చట్ల కన్నా ఇదే విలువైనదిగా తోస్తుంది.

ఇక గెలుపు కథకు వద్దాం. ఎక్కువ జాగ్రత్త కావలసింది ఇక్కడే. చార్టులో ఫలానా పాట ఒకటో స్థానంలో ఉందని చదివినప్పుడు, ఆ చార్టు వేటిని లెక్కపెట్టిందో ముందు తెలుసుకోవాలి. బ్రిటన్‌లో తొలి చార్టు 1952 నవంబర్ 14న ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో వచ్చింది. ఆ పత్రికలో పనిచేసే పెర్సీ డికిన్స్ సుమారు ఇరవై రికార్డు దుకాణాలకు ఫోన్ చేసి, ఏవి ఎక్కువగా అమ్ముడవుతున్నాయో అడిగి, పన్నెండు స్థానాల పట్టిక తయారుచేశారు. అంటే ఆ తొలి ఒకటో స్థానానికి అర్థం, ఆ దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడైన రికార్డు అని మాత్రమే. దేశమంతా పాడుకున్న పాట అని దాన్ని వర్ణించడం సరికాదు.

నియమం ఒక పాటను పూర్తిగా కనిపించకుండా చేయగలదు కూడా. అమెరికాలో నో డౌట్ బృందం పాడిన ‘డోంట్ స్పీక్’ 1996 చివరి నుంచి రేడియోల్లో మారుమోగింది, అక్కడి సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే రేడియో ప్రసారాల చార్టులో పదహారు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. అయినా ప్రధాన చార్టయిన ‘హాట్ 100’లో దానికి చివరి స్థానం కూడా దక్కలేదు. కారణం ఒక్కటే. దుకాణంలో విడిగా సింగిల్‌గా అమ్మని పాటను ఆ చార్టులో చేర్చకూడదన్న నియమం అప్పట్లో ఉండేది, అది 1998 డిసెంబర్‌లో గానీ మారలేదు. ఆ కాలపు చార్టులను మాత్రమే చూసి చరిత్ర రాసేవారికి ఆ పాట ఉన్నట్టే తెలియదు.

ఈ విషయాన్ని ఒకే పాటలో మొదటి నుంచి చివరి దాకా చూపగలిగేది బ్రిటిష్ గాయని కేట్ బుష్ పాట ‘రన్నింగ్ అప్ దట్ హిల్’. దాని పుట్టుక కథ బాగానే నమోదై ఉంది. ఫెయిర్‌లైట్ అనే తొలితరం శాంప్లింగ్ సింథసైజర్ (ధ్వనులను రికార్డు చేసి వాటినే స్వరాలుగా వాయించే యంత్రం) మీద, డ్రమ్ మెషీన్ దరువుతో, ఇంట్లోనే ఆమె ఆ పాటకు తొలి రూపం ఇచ్చారు. ఆడ, మగ ఒకరి స్థానంలోకి ఒకరు మారగలిగితే ఒకరినొకరు అర్థం చేసుకోగలుగుతారన్నది పాటలోని భావం, అలా మారడానికి దేవుడితో ఒప్పందం చేసుకోవాలన్నది ఊహ. ఆమె మొదట పెట్టుకున్న పేరు కూడా దేవుడితో ఒప్పందం అనే అర్థమిచ్చేదే. పేరులో దేవుడుంటే మతాభిమానం ఎక్కువగా ఉన్న దేశాల రేడియోలు ప్రసారం చేయకపోవచ్చని రికార్డు కంపెనీ భయపడటంతో ఆమె పేరు మార్చడానికి ఒప్పుకున్నారు. ఈ సంగతి ఆమే తరువాతి సంవత్సరాల్లో ఇంటర్వ్యూలో చెప్పారు. గమనించండి, ఇక్కడ పుట్టుక కథ, గెలుపు కథ ఒక్క క్షణం కలుసుకున్నాయి. పాట పేరును రేడియో నిర్ణయించింది.

1985 ఆగస్టులో విడుదలైన ఆ పాట బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది. ఆ తరువాత 2022 మే 27న ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్ నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది. అందులో ఒక అమ్మాయిని ప్రాణాపాయం నుంచి బయటకు లాగేది ఈ పాటే. దానితో ఆ పాటను లక్షలాది మంది కొత్తగా వినడం మొదలుపెట్టారు. చాలామంది ఇక్కడితో కథ ముగించి, సీరియల్ వల్ల పాట ఒకటో స్థానానికి వచ్చిందని రాస్తారు. అది సగమే నిజం. బ్రిటన్ చార్టు నియమం ప్రకారం పాత పాటను ఎవరైనా స్ట్రీమింగ్‌లో వింటే, దాన్ని కొత్త పాట వినికిడిలో సగంగానే లెక్కిస్తారు. కొత్త పాటలకు చోటు దక్కాలన్నదే ఆ నియమం ఉద్దేశం. అందువల్ల జనం ఎక్కువగా వింటున్నా పాట రెండో స్థానంలో ఆగింది. చార్టు నిర్వాహకులు ఈ పాటకు ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చిన తరువాతే, జూన్ 17 నాటి చార్టులో, విడుదలైన ముప్పై ఏడేళ్లకు, అది అగ్రస్థానానికి చేరింది. శ్రోతలు, సీరియల్, నియమం మూడూ కలిస్తేనే ఆ కథ పూర్తవుతుంది.

తెలుగు పాటకు ఇంత పొడవైన చార్టు చరిత్ర లేదు. రేడియో సిలోన్ నుంచి 1952లో మొదలైన ‘బినాకా గీత్‌మాలా’లో రికార్డుల అమ్మకాలతో పాటు శ్రోతల సంఘాల అభిప్రాయాలనూ లెక్కలోకి తీసుకునేవారు గానీ, అది హిందీ పాటల కార్యక్రమం. అందుచేత మన పాత పాటలు ఎంత పెద్ద హిట్లో తేల్చడానికి వేరే ఆధారాలను వెతకాలి. పాత సామాన్లలో తప్పక చూడవలసింది థియేటర్ దగ్గర అమ్మిన పాటల పుస్తకం. నా దగ్గరున్న వాటిలో పిన్నులు తుప్పుపట్టి కాగితం మీద గోధుమరంగు మరకలు దిగాయి. మొదటి పేజీల్లో తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్లు, తరువాత ఉత్కంఠ దగ్గర ఆపి ‘శేషం వెండితెరపై చూడండి’ అని ముగించిన కథాసంగ్రహం, ఆపైన పాటలు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నలుగురు కవులు రాసిన సినిమాలో వారి పేర్లన్నీ ఒకే చోట వేసి, ఏ పాట ఎవరిదో చెప్పని పుస్తకాలు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు శైలిని బట్టి ఊహించి రాస్తే తప్పులు దొర్లుతాయి. నేనూ ఒకప్పుడు అలా ఒక పాటను మరో కవి ఖాతాలో వేసి, రెండేళ్ల తరువాత రికార్డు లేబుల్ చూసి దిద్దుకోవలసి వచ్చింది.

ఇప్పటి పాటలకు యూట్యూబ్ అంకెలు ఉన్నాయి. వాటిని వాడేటప్పుడు లిరికల్ వీడియో, పూర్తి వీడియో, డబ్బింగ్ భాషల వీడియోలు దేనికది వేరు లెక్క అని, ఒకే మనిషి పదిసార్లు చూడవచ్చని గుర్తుంచుకోవాలి. పోస్టర్ మీద ఉన్న అంకె వీటిలో దేనిదో, ఏ రోజుదో రాయాలి. డబ్బు చెల్లించి ప్రకటనగా చూపించిన వీక్షణలను యూట్యూబ్ తన మ్యూజిక్ చార్టుల నుంచి, ఇరవై నాలుగు గంటల రికార్డుల నుంచి 2019 సెప్టెంబర్‌లో తొలగించింది. అందువల్ల అంతకు ముందు ప్రకటించిన తొలిరోజు రికార్డులను, తరువాతి వాటిని ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకూడదు.

మీ బంధువుల్లోనో, ఊళ్లోనో పాత రికార్డులు దాచుకున్న పెద్దవారుంటే వెళ్లి కలవండి. రికార్డును అంచులతో పట్టుకుని, రెండు వైపులా లేబుళ్లను, లేబుల్ పక్కన నల్లటి భాగంలో చెక్కి ఉన్న అంకెను వెలుతురులో ఏటవాలుగా పెట్టి ఫోటో తీసుకోండి. రెండు వైపులా ఒకే పాట పేరుంటే, పాట ఒక వైపుకు సరిపోక రెండు భాగాలుగా వేశారేమో విని చూడండి. ఆ రికార్డు ఎప్పుడు కొన్నారో, ఎక్కడ కొన్నారో ఆ పెద్దవారిని అడిగి, వారు చెప్పిన మాటను చెప్పిన తేదీతో సహా మీ తేదీల కాగితం చివర రాసుకోండి.