ఎండల ఊళ్లో మంచి వైన్ దాచుకోవడం, రుచి చూడడం ఎలా?

గోదావరి త్ర్యంబకేశ్వర్ కొండల్లో పుట్టి, నాసిక్, నాందేడ్ దాటి, మహారాష్ట్ర అంచున ఉన్న మన ధర్మాబాద్ పక్కనుంచి బాసరకు దిగుతుంది. ఎగువన గంగాపూర్ డ్యామ్ చుట్టుపక్కల, దిండోరి వైపు పండే ద్రాక్షతోనే దేశంలో పేరున్న వైన్లు చాలా తయారవుతున్నాయి. మంచి వైన్ మనకు అంత దూరపు సరుకేమీ కాదన్నమాట. కొనడం తేలికే. మేలో 42, 43 డిగ్రీలు కాసే మన ఇళ్లలో దాన్ని పాడవకుండా కాపాడుకోవడమే అసలు పని. అందుకే ఇందులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

ముందు ఒక మాట. నిజామాబాద్‌లో "వైన్స్", ఇటు "వైన్ షాప్" అని బోర్డులు చూసి ఏ మందునైనా వైన్ అనడం మనకు అలవాటైంది. ఇక్కడ చెప్పేది ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసే అసలు వైన్ గురించి. అందులో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 14 శాతం ఉంటుంది.

1. కాగితాల సంగతి చూసుకోండి

మహారాష్ట్రలో మందు కొనాలన్నా, తాగాలన్నా పర్మిట్ ఉండాలి. ఒక రోజుది, ఏడాదిది, జీవితకాలానిది అని రకాలున్నాయి. ఇంట్లో సీసాలు పోగుచేసే ఉద్దేశం ఉంటే జీవితకాలం పర్మిట్ తీసుకుని, బిల్లులన్నీ దాచుకోండి. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. సిరొంచలో చుట్టాలున్నా అటు ఒక్క సీసా కూడా పట్టుకెళ్లొద్దు. పెళ్లికో, పండగకో తెలంగాణ వైపు వెళ్తున్నప్పుడూ సీసాలు ఇంట్లోనే ఉండాలి.

2. సీసా కంటే ముందు చోటు వెతకండి

వైన్ మీద ఇష్టం పుట్టిన కొత్తలో నాలుగు ఎర్ర వైన్ సీసాలు తెచ్చి, రేకుల కప్పున్న గదిలో అల్మారా మీద పెట్టాను. దీపావళికి దించి చూస్తే ఒకదానికి బిరడా పావు అంగుళం పైకి లేచి ఉంది. మెడకు చుట్టిన రేకు విప్పితే లోపల బెల్లం పాకంలా అంటుకునే ఎర్రటి జిగురు. గ్లాసులో పోస్తే ఉండాల్సిన నేరేడు రంగు లేదు, ఇటుక రంగుకు తిరిగింది. ఉడికించిన ఎండుద్రాక్ష వాసన. మిగతా మూడింటికీ బిరడాలు కదల్లేదు గానీ రుచి మాత్రం అంతే. ఆ రోజు నిజంగా బాధపడ్డాను.

జరిగింది ఇదీ. వేడికి సీసాలోని ద్రవం వ్యాకోచించి బిరడాను నెడుతుంది. రాత్రి చల్లబడగానే ఆ సందులోంచి గాలి లోపలికి వెళ్తుంది. గాలి తగిలిన వైన్ మెల్లగా చచ్చిపోతుంది. బిరడా కదలకపోయినా వేడి ఒక్కటి చాలు, పళ్ల వాసనలన్నీ ఉడికిపోవడానికి.

వైన్‌కు హాయిగా ఉండేది 12 నుంచి 15 డిగ్రీల దగ్గర. అంతకంటే ముఖ్యం, ఆ వేడి పొద్దునొకలా సాయంత్రమొకలా మారకపోవడం. అందుకని మొదట కొనాల్సింది సీసా కాదు, ఒక చిన్న థర్మామీటర్. పాతకాలపు పెద్ద ఇళ్లలో (వాడాల్లో) నేలమాళిగ, మరాఠీలో తళ్‌ఘర్ అంటాం కదా, అలాంటిది ఉంటే మేలో వారం రోజులు అక్కడ పెట్టి పొద్దున, సాయంత్రం చూసి రాసుకోండి. 25 దాటకుండా నిలకడగా ఉంటే ఏడాది దాకా పెట్టుకోవచ్చు. 30 చూపిస్తే ఆ చోటు మరిచిపోండి.

నేలమాళిగ లేనివాళ్లు మామూలు ఫ్రిజ్‌లో కింద కూరగాయల అరలో, గుడ్డ చుట్టి, అడ్డంగా పడుకోబెట్టండి. కొన్ని నెలలకు అది చాలు. ఏళ్ల తరబడి మాత్రం వద్దు, ఫ్రిజ్‌లోని పొడి గాలికి బిరడా ఎండిపోతుంది. స్క్రూ మూత సీసాలకు ఆ బాధ లేదు, నిలబెట్టినా ఫరవాలేదు.

వైన్ కోసమే చేసిన చిన్న ఫ్రిజ్ కొనేవాళ్లు ఒకటి తప్పకుండా అడగాలి: లోపల కంప్రెసర్ ఉందా? కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ రకాలు చవగ్గా, చప్పుడు లేకుండా ఉంటాయి. కానీ బయటి వేడి కంటే కొన్ని డిగ్రీలే తగ్గించగలవు. బయట 40 ఉన్న రోజున వాటి వల్ల కాదు. కరెంటు పోతే తలుపు తీయకండి. నిండా సీసాలున్న ఫ్రిజ్ చల్లదనాన్ని గంటల తరబడి పట్టి ఉంచుతుంది.

3. ఏం కొనాలి, ఎప్పుడు కొనాలి

కొనుగోళ్లన్నీ నవంబరు నుంచి జనవరి లోపు పెట్టుకోండి. ఎండాకాలంలో నాసిక్ నుంచి కారు డిక్కీలో తెచ్చిన సీసా ఇల్లు చేరేలోపే సగం పాడవుతుంది. షాపులో కూడా అద్దాల అరలో ఎండ తగిలే సీసా కాకుండా, లోపలి డబ్బాలోంచి తీసివ్వమనండి.

మన దగ్గర తీగకు ఏడాదిలో రెండు కత్తిరింపులు చేస్తారు. కోత జనవరి నుంచి మార్చి లోపు. సీసా మీది సంవత్సరం ఆ కోతదే. తెల్ల వైన్లు చాలావరకు కోసిన రెండు మూడేళ్లలో తాగేయాల్సినవే, వాటిని దాచి లాభం లేదు. దాచదగ్గవి వగరు, పులుపు గట్టిగా ఉన్న ఎర్ర వైన్లు. సోలాపూర్ అనగానే మనకు పద్మశాలీల చాదర్లు గుర్తొస్తాయి. అదే జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి వాళ్లు ఇటలీ రకం సాంజొవేసే ద్రాక్ష పండిస్తున్నారు. అందులో క్యాబర్నే అనే మరో ఎర్ర ద్రాక్ష రకం కలిపి చేసే 'సెట్టే' దాచడానికి తగినది. హంపీ దగ్గర చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల తోట 'కృష్మా' వైన్లు కూడా చూడండి. తెలుగువాళ్లు ఇంత శ్రద్ధగా వైన్ చేస్తున్నారంటే నాకు గర్వంగా ఉంటుంది. విదేశీ వాటి మీద సుంకం చాలా ఏళ్లుగా 150 శాతం. 2022 డిసెంబరు నుంచి ఆస్ట్రేలియా వైన్లకు కొంత తగ్గింది. ఫ్రాన్స్ బోర్డో వైన్ల మోజు ఉన్నా, నాలుక కుదిరేదాకా ఆగండి.

ఒకే వైన్ మూడు సీసాలు కొనండి. ఒకటి ఇప్పుడు, ఒకటి ఏడాదికి, ఇంకోటి రెండేళ్లకు తెరవండి. ప్రతిసారీ నోట్‌బుక్కులో రాసుకోండి. వైన్ ఎలా ముదురుతుందో ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

4. రుచి చూడండి

ఎర్ర వైన్ మామూలు గది వేడిలో తాగాలంటారు. ఆ గది యూరప్‌ది, 16 నుంచి 18 డిగ్రీలది. మన గదిలోంచి తీసిన సీసానైతే ముందు అరగంట, ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. కడుపు వెడల్పున్న గ్లాసులో మూడో వంతే పోసి, మెల్లగా తిప్పి, వాసన చూడండి. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియం, సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో జామ, పచ్చిమిర్చి తొడిమ తగులుతాయి.

టానిన్ అని వైన్ పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాస్తారు. అది మన వగరే. షడ్రుచుల్లో ఒకటి, ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చేది. నేరేడు పండు తిన్నాక నాలుక బిగుసుకుంటుంది చూడండి, చిగుళ్ల మీద అదే పట్టు. రెండో ఏట తెరిచినప్పుడు ఆ పట్టు ఎంత మెత్తబడిందో గమనించండి.

5. మన భోజనంతో

ధర్మాబాద్ మిర్చితో చేసిన కూర ముందు వగరు ఎర్ర వైన్ పెడితే నోరు మండిపోతుంది. కారం, వగరు, ఆల్కహాల్ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. అక్కడ బాగా చల్లబరిచిన, కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పెట్టండి. జొన్నరొట్టె, పిట్ల (శనగపిండి కూర)తో అదే నా మొదటి ఎంపిక. సాంజొవేసేలో పులుపు ఎక్కువ కాబట్టి టమాటా వేసిన కారం తక్కువ మటన్‌కు నప్పుతుంది.

6. మిగిలితే

ఒక్క పూటలో సీసా ఖాళీ చేయాలని లేదు. తెరిచిన వెంటనే సగం తీసి, శుభ్రమైన 375 మి.లీ. సీసాలో మూతి దాకా నింపి, గట్టిగా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి. పైన గాలి ఉండదు కాబట్టి నాలుగైదు రోజులు రుచి చెడదు. ఆ తర్వాతా మిగిలితే మటన్ నానబెట్టడానికి వాడేయండి.