బ్రిల్వాన్ ఫిల్టర్ పక్కకు జరుగుతోందా? ముందు ఎంత జరిగిందో చూడండి

ఫైబర్‌లో సిగ్నల్ మోసే కాంతికి ఎదురుగా బలమైన పంప్ కాంతిని పంపితే గాజులో శబ్ద తరంగం పుడుతుంది. అది సిగ్నల్‌లో సుమారు 30 మెగాహెర్ట్జ్ వెడల్పున్న సన్నటి ఫ్రీక్వెన్సీ పట్టీని మాత్రమే బలపరుస్తుంది. మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో, 1550 నానోమీటర్ల దగ్గర, ఆ పట్టీ పంప్‌కి దాదాపు 11 గిగాహెర్ట్జ్ దిగువన ఉంటుంది. ఇదే బ్రిల్వాన్ ఫిల్టర్. మైక్రోవేవ్ సిగ్నళ్లలోంచి కావలసిన ముక్కని సన్నగా కోయడానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ విజయవాడ ఎండల్లో దీన్ని నిలబెట్టడం వేరే పని.

సమస్య: ఉదయం కుదిరిన పీక్ (ఆ పట్టీలో అన్నిటికంటే ఎత్తైన చోటు) మధ్యాహ్నానికి జరిగిపోతోంది.

కారణం: జరిగింది పది మెగాహెర్ట్జ్ లాంటిదైతే ఫైబర్ వేడెక్కింది. డిగ్రీకి సుమారు 1 మెగాహెర్ట్జ్ చొప్పున షిఫ్ట్, అంటే పంప్‌కీ పట్టీకీ మధ్య ఉన్న ఆ 11 గిగాహెర్ట్జ్ దూరం, పెరుగుతుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే ల్యాబ్ ఎంత వేడెక్కుతుందో మనకు తెలిసిందే. అదే వందల మెగాహెర్ట్జ్ జరిగితే ఫైబర్ జోలికి పోకండి. పంప్‌కీ సిగ్నల్‌కీ వేర్వేరు లేజర్లు పెట్టారేమో చూడండి. ఇలాంటి పనుల్లో వాడే చిన్న సెమీకండక్టర్ లేజర్ (డీఎఫ్‌బీ) ఒక్క డిగ్రీకే పది గిగాహెర్ట్జ్ దాకా జరుగుతుంది. దాని ఉష్ణోగ్రత కంట్రోలర్ డిగ్రీలో వందో వంతు తప్పినా వంద మెగాహెర్ట్జ్ పోయినట్టే.

పరిష్కారం: ఒకే లేజర్‌ని స్ప్లిటర్‌తో రెండు చేసి, ఒకదాని ఫ్రీక్వెన్సీని మాడ్యులేటర్‌తో జరిపి పంప్‌గా వాడండి. లేజర్ ఎటు జరిగినా రెండూ కలిసే జరుగుతాయి. ఫైబర్ చుట్టిన స్పూల్‌ని థర్మోకోల్ పెట్టెలో పెట్టి లోపల థర్మిస్టర్ (వేడిని కొలిచే సెన్సర్) అతికించండి. పెట్టె వేడిని ఆలస్యం చేస్తుందంతే, ఆపదు. అందుకని ఆ రీడింగ్ చూసి మాడ్యులేటర్ ఫ్రీక్వెన్సీని సరిదిద్దుకోవడమే నాకు నచ్చిన దారి, పైసా ఖర్చు లేదు. స్పూల్ బిగుతుగా చుట్టి ఉంటే లాగుడు వల్ల కూడా పీక్ కదులుతుంది. వదులుగా చుట్టినది వాడండి.

సమస్య: పీక్ చోటు మారడం లేదు, ఎత్తు మాత్రం ఊగుతోంది.

ఇది పోలరైజేషన్ (కాంతి తరంగం ఊగే దిశ) పని. పంప్, సిగ్నల్ పోలరైజేషన్లు పొంతన తప్పితే గెయిన్, అంటే సిగ్నల్ బలపడే మోతాదు, పడిపోతుంది. సీలింగ్ ఫ్యాన్ ఒక్క నిమిషం ఆపి చూడండి. ఊగడం తగ్గితే గాలికి కదులుతున్న ప్యాచ్ కార్డులే (పరికరాలను కలిపే చిన్న ఫైబర్ తీగలే) కారణం. వాటిని బల్లకి టేపు వేసి, పోలరైజేషన్ కంట్రోలర్‌ని మళ్లీ పీక్‌కి తిప్పండి.

సమస్య: స్పెక్ట్రమ్ చూపే అనలైజర్‌లో కదలని సూదిలాంటి గీత.

పంప్ ఎక్కడో కనెక్టర్ దగ్గర వెనక్కి తిరిగి డిటెక్టర్‌లోకి వస్తోంది. మొన వాలుగా ఉండే ఆకుపచ్చ ఏపీసీ కనెక్టర్‌కి వాలు లేని నీలం పీసీ కనెక్టర్ తగిలించారేమో ముందు చూడండి. తర్వాత మొన తుడవండి. లేజర్ ఆపకుండా మాత్రం మొనవైపు చూడొద్దు, 1550 కాంతి కంటికి కనిపించదు.